ఎండిపోతే అన్న మాటకు ఇంగ్లీషు

తెలుగులో "నిన్న ఆఫీసుకు పోతే సారు లేడు" అన్నామంటే అర్థమేమిటి? నేను పోయానని అర్థం. బస్సులో నిలబడి, ఎండలో నడిచి, గడప దాకా పోయి, ఖాళీ కుర్చీని చూసి తిరిగొచ్చానని అర్థం. అందులో అనుమానం ఎక్కడుంది? పోతే అన్నాక పోయినట్టే. కర్ణాటకలో ఉన్నా తెలుగే మాట్లాడే మా పావగడ తాలూకాలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. కన్నడంలో అడిగినా ఇంతే. ఇంగ్లీషుకు మాత్రం ఇది ఎక్కదు. ఆ భాషలో "ఇఫ్" అని మొదలుపెట్టగానే జరిగింది కూడా జరగనట్టే అయిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక, మా వీధి బోరింగు ఎండిపోయిన సంగతిని ఎండనట్టుగా నా చేత్తో నేనే రాసి ఇచ్చాను. ఇన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు. ఎవరి మీద అని అడిగితే సరిగ్గా చెప్పలేను. వ్యాకరణం మీద కొంత, ఆఫీసు మీద కొంత, మిగిలినదంతా నా మీదే.

ఎనభైల చివరి రోజులవి. మా ఊళ్లో ఎవరి చేలో చూసినా వేరుశనగే. ఏటా విత్తడం, ఏటా ఆకాశం చూడటం. మా వీధికంతటికీ ఒకటే బోరింగు ఉండేది. చేత్తో కొట్టే పంపును మేము బోరింగు అంటాం. నీళ్లున్నన్నాళ్లు దాని పిడి బరువుగా ఉండేది, ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఊగాల్సి వచ్చేది. ఆ ఏడు కార్తీకం దాటాక పిడి తేలికైంది. మొదట గంటకొక బిందె వచ్చింది, తర్వాత తుప్పునీళ్లు వచ్చాయి, ఆ తర్వాత గాలి వచ్చింది.

అప్పటి నుంచి ఆడవాళ్లు ఊరవతల ఒక తోట బావికి పోయేవాళ్లు. వాళ్లలో మా అక్క పెద్దది. నాకంటే ఆరేళ్లు పెద్ద, పక్కింట్లోనే ఉండేది. మోకాళ్లు అప్పటికే పట్టేసేవి. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని మధ్యలో రెండుసార్లు రాళ్ల మీద కూర్చుని వచ్చేది. కూర్చున్నప్పుడల్లా నన్నే తిట్టేదట, తోడు పోయినవాళ్లు వచ్చి చెప్పేవాళ్లు.

మాఘమాసంలో తోటాయన గట్టు మీద నిలబడి చెప్పేశాడు. "అమ్మా, నా చెట్లకే నీళ్లు చాల్లేదు. ఉగాది దాకా తోడుకోండి. ఉగాది అయినాక కంచె వేస్తా. మల్ల నన్ను ఆడిపోసుకోవద్దండి."

ఆయనను తప్పుపట్టలేం. బావిలో మెట్లు రోజుకొకటి బయటపడుతున్నాయి. ఆ బావి కూడా మూసేస్తే తర్వాతి నీళ్లు పక్క ఊరి చెరువు అవతలే. అక్క మోకాళ్లకు అది అయ్యే పని కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వైపు పల్లెల్లో సర్కారు బోరు లారీ తిరుగుతోందని తెలిసింది. ఎక్కడ వేయాలో ఆఫీసులో జాబితా కడుతున్నారట. జాబితా అయిపోయి లారీ మా వైపు దాటిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నేను ఆఫీసుకు పోయి అడిగాను. గుమాస్తా మంచివాడే. కన్నడంలో మెల్లగా చెప్పాడు: కొత్తగా వచ్చిన సారు ఉత్తరాది మనిషి, కన్నడం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు, కన్నడంలో రాసిస్తే అది మా బల్లల మీదే తిరుగుతుంది, ఇంగ్లీషులో రాసిస్తే నేరుగా ఆయనే చదువుతాడు.

ఇంటికొచ్చి చెప్పగానే అక్క బిందె దించింది.

"రే అబ్బయ్యా, పొద్దస్తమానం ఆ చినిగిన బుక్కు పట్టుకోని గొణుగుతుంటావు గదా. ఒక అర్జీ రాసేదానికన్నా పనికొస్తుందా అది? ల్యాకుంటే పొయ్యిలో పెట్టేదా?"

"రాస్తా."

"ఇంగ్లీషులోనే?"

"ఇంగ్లీషులోనే."

"చూస్తా," అంది. ఆ మాటలో నమ్మకం లేదు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా, తర్వాత గొర్రెల వెంట పోయాను. కన్నడం బడిలో వచ్చింది, తెలుగు చదవడం గోడల మీది రాతలు చూసి వచ్చింది. ఇంగ్లీషు మాత్రం పొట్లాల నుంచి వచ్చింది. పావగడ బస్టాండు పక్కన ఒక దినుసుల అంగట్లో పాత కాగితాల కట్టలుండేవి. ఒకసారి నాకు బెల్లం కట్టిచ్చిన కాగితం ఒక ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకంలోది. మిగతా పుస్తకం ఎక్కడుందని అడిగితే, ఆయన కట్టలోంచి లాగి, "తీసుకోప్పా, ఇంకా ఎవురికీ చింపల్యా" అని ఇచ్చాడు. అట్టలు లేవు. నడిమధ్య కొన్ని పేజీలు అప్పటికే ఎవరి ఇళ్లకో ఉప్పుతో, చింతపండుతో పోయాయి.

ప్రశ్నలు అడిగే పాఠం నిండుగా ఉంది. క్రియ ముందుకొస్తే ప్రశ్న: "హ్యాజ్ హి కమ్?" "హ్యాడ్ యూ సీన్?" దాన్ని నేను కంఠతా పట్టాను. దాని వెనకే "కండిషనల్ సెంటెన్సెస్" అనే పాఠం ఉంది. తల ఉంది, మొండెం లేదు. పేజీ అడుగున శీర్షిక, ఒక్క ఉదాహరణ, అంతే. తర్వాతి కాగితాలు చిరిగిపోయాయి. ఆ ఒక్క ఉదాహరణ ఏమిటంటారా? "ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్, ఐ వుడ్ ఫ్లై." నేను పక్షినైతే ఎగురుతాను. నన్ను పక్షిని కమ్మని ఎవరన్నారు? పక్షయ్యేవాడికి ఇంగ్లీషెందుకు? పైగా "ఐ" పక్కన "వర్" ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు. అంతకుముందు నలభై పేజీలు "ఐ వాజ్, ఐ వాజ్" అని నా చేత వల్లె వేయించిన పుస్తకమే అది!

పాఠం లేనప్పుడు నాకు నేనే ఒక సూత్రం కట్టుకున్నాను. తెలుగులో ఎక్కడ "తే" వస్తే అక్కడ ఇంగ్లీషులో "ఇఫ్" పెట్టాలి. వస్తే, ఇఫ్ కమ్. పోతే, ఇఫ్ గో. ఎంత సులువు! ఇంత సులువైన దానికి అన్ని పేజీలెందుకని, చిరిగిపోయినందుకు సంతోషించాను కూడా.

అర్జీ రాయడానికి మూడు రోజులు పట్టింది. అక్క చెబుతుంటే ఆమె నోటి మాట నోటి మాటగా ఎత్తుకున్నాను. "బోరింగు ఎండిపోతే ఎవురూ తొంగి చూడల్యా" అంది. నేను "ఇఫ్ అవర్ బోరింగ్ డ్రైడ్, నోబడీ కేమ్" అని రాశాను. "మా తమ్ముడు ఆపీసుకి వస్తే మీరు ల్యా" అంది. "ఇఫ్ మై సెల్ఫ్ కేమ్ టు ఆఫీస్, సర్ వాజ్ నాట్ దేర్." "ఆడోళ్లు తోటకి పోతే ఆయప్ప తిట్టినాడు." "ఇఫ్ లేడీస్ వెంట్ టు గార్డెన్, ఓనర్ స్కోల్డెడ్." మొత్తం ఏడు ఇఫ్‌లు పడ్డాయి. లెక్కపెట్టుకుని మురిసిపోయాను. కింద కార్బన్ పెట్టి ఇంకో ప్రతి తీసుకున్నాను. ఆఫీసులో ఇచ్చినప్పుడు గుమాస్తా రెండింటి మీదా తేదీ ఉన్న గుండ్రటి సీలు కొట్టాడు. ఆ సీలు చప్పుడు నాకు చాలా నచ్చింది.

వారం తర్వాత మళ్లీ పోయాను. గుమాస్తా ఫైలు విప్పి, అర్జీ పక్కన పచ్చ సిరాతో సారు రాసిన రెండు మాటలు చదివాడు. "హైపోథెటికల్. ఫైల్."

"అదెక్కడుంది సార్?" అన్నాను.

"ఏది?"

"హైపోథెటికల్."

అతని ముందు పది మంది నిలబడి ఉన్నారు. "అంతేనప్పా, రాసేశారు. ఇక పో," అన్నాడు.

పోయాను. సంతోషంగానే పోయాను. ఫైల్ అంటే ఫైలు తెరిచినట్టు, హైపోథెటికల్ అంటే బోర్లు చూసే సెక్షను పేరు అనుకున్నాను. అంత పొడుగు పేరున్న సెక్షను చిన్నదై ఉండదు కదా! ఊళ్లో బస్సు దిగగానే ఆ మాటే చెప్పాను. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది.

"మా అబ్బయ్య అర్జీ హైపోటికల్‌కి పోయిండాది," అని అక్క తోట బావి దగ్గర అందరికీ చెప్పిందట.

"ఆ హైపోటికలాయన ఎప్పుడొస్తాడంట?" అని ఒక మామ అడిగాడు.

"పెద్దాయనేమోలేప్పా. పెద్దోళ్లు అంత బిరీన వస్తారా?" అని ఇంకొకాయన సర్దిచెప్పాడు.

ఇది చాలక, ఒకరోజు ఊళ్లోకి ఒక జీపు వస్తే అక్క బిందెలతో సహా దారికి అడ్డంగా నిలబడింది. "మీరు హైపోటికల్ నుంచి వచ్చినారా సామీ?" అని అడిగింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. "లేదమ్మా, మేము మలేరియా."

అట్లా శివరాత్రి వచ్చింది. శివరాత్రి మరుసటి రోజు బోరు లారీ మా ఊరి ముందు నుంచే పోయింది. వెనక గొట్టాలు వేసుకున్న ఇంకో లారీ. ఆగలేదు. రోడ్డు పక్కన మేమంతా నిలబడి చూస్తుండగానే పక్క ఊరి వైపు తిరిగి దుమ్ములో కలిసిపోయింది. అక్క నా వైపు చూసి, "నీ హైపోటికలాయన దారి తప్పినాడేమో పోయి చూడుప్పా" అంది. రే అబ్బయ్యా అనలేదు. అప్పా అంది. మా అక్క నన్ను మర్యాదగా పిలిచిందంటే ఇక మాట్లాడటానికేమీ లేదని అర్థం.

మా ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని హైస్కూలు ఇంగ్లీషు మేష్ట్రు ఉండేవాడు. తుమకూరు వైపు మనిషి. కన్నడం, మా తెలుగు కలిపి మాట్లాడేవాడు. మనిషి చిరాకు గలవాడు. నా ఇంగ్లీషు ఎవరికీ చూపించకూడదనే పంతంతో అన్నాళ్లు ఆయన దగ్గరికి పోలేదు. ఆ సాయంత్రం పోయాను. ఆయన ఎండిన బోరింగు కట్ట మీదే కూర్చుని ఉన్నాడు. గాలికి అందరూ అక్కడే కూర్చునేవాళ్లు. నీళ్లు లేకపోయినా కట్ట చల్లగా ఉండేది. అక్కా, ఇంకో నలుగురు ఆడవాళ్లూ కింద కూర్చుని కాయలు ఒలుస్తున్నారు. నేను కార్బన్ ప్రతి ఇచ్చాను.

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. "ఏనప్పా ఇదు?" అన్నాడు, ఇదేమిటని.

"అర్జీ సార్. దీని మీద హైపోథెటికల్ అని రాసినారు."

"రాయకుండా ఏం చేస్తారు? హైపోథెటికల్ అంటే ఊహ. ఉత్త ఊహ. నిజంగా జరగలేదు, జరిగితే అప్పుడు చూద్దాం అని. ఫైల్ అంటే లోపల పడేయమని."

కాయలు ఒలిచే చప్పుడు ఆగింది. ఎవరో పక్కున నవ్వబోయి ఆపుకున్నారు. మా అక్క నవ్వలేదు.

"ఊహ ఎట్లయితుంది సార్? ఎండిపోతే అని రాసినా."

"ఇఫ్ అని రాశావు. ఇఫ్ అంటే 'ఒకవేళ'. మా బోరింగు ఒకవేళ ఎండితే, నేను ఒకవేళ ఆఫీసుకు వస్తే, ఆడవాళ్లు ఒకవేళ తోటకు పోతే. ఏడు ఒకవేళలు! నేనైనా ఫైల్ చేసేవాడినే."

నాకు తల తిరిగిపోయింది. "మరి 'పోతే' అనేదానికి ఇఫ్ కాక ఇంకేముండాది?"

ఆయన నిట్టూర్చి లేచాడు. బోరింగు పిడి పట్టుకున్నాడు. "చూడు. ఇఫ్ యూ పంప్, వాటర్ విల్ కమ్. కొడితే నీళ్లు వస్తాయి. ఇది మొదటి రకం. కావడానికి వీలున్న సంగతి."

"నీళ్లు రావు మేష్ట్రూ," అంది ఒకావిడ. "పొద్దున కూడా కొట్టినాం."

"పాఠానికమ్మా, పాఠానికి. రెండోది: ఇఫ్ యూ పంప్‌డ్, వాటర్ వుడ్ కమ్. కొడతావన్న నమ్మకం లేదు, ఊరికే అనుకుంటున్నాం. ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్ అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుందే, అది ఇదే."

"పంప్‌డ్ అంటే నిన్నటి మాట గదా సార్?"

"రూపం నిన్నటిది. మాట ఈరోజుది, రేపటిది."

"రేపటికి నిన్నటి గుడ్డ కట్టడమెందుకు సార్?"

"నన్నడిగితే? నేను కట్టానా?" అని కసిరాడు. "మూడోది విను. ఇఫ్ యూ హ్యాడ్ పంప్‌డ్, వాటర్ వుడ్ హ్యావ్ కమ్. కొట్టింటే వచ్చేవి. కొట్టలేదు, రాలేదు. ఇక చేసేదేమీ లేదు."

ఈ మూడోది మాత్రం ఆయన చెప్పకముందే నాకు తెలుసు. ఆ కరువు ఏళ్లల్లో మా ఊరు ఊరంతా దాంట్లోనే కాపురం చేసింది. ఏ అరుగు మీద కూర్చున్నా అదే మాట. వేరుశనగకు ఊడలు దిగే పొద్దుకి ఒక్క పదును వానొచ్చింటే కాయ నిండేది. ముందు వారమే విత్తింటే మొలక నిలిచేది. బోరు ఇంకో రెండు గొట్టాలు దించింటే జల తగిలేది. మాకు ఎవరూ నేర్పలేదు దాన్ని. ఆ బెల్లం అంగట్లో పోయిన పేజీల్లో ఉన్నది ఇదేనని తెలిసి నాకు ఒళ్లు మండింది. మాకు బాగా తెలిసినది చింపి, మాకు అక్కరలేని పక్షిని మిగిల్చారు.

అప్పుడు అక్క ఒడిలోని పొట్టు దులుపుకుని లేచింది.

"మేష్ట్రూ, ఒక మాట. మేము కొట్టినాం. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టినాం. నీళ్లు రాల్యా. ఇది ఎన్నో రకం?"

మేష్ట్రు పిడి వదిలేశాడు.

"దానికి రకం లేదమ్మా," అన్నాడు. "అది నిజం. దానికి ఇఫ్ వద్దు." నా వైపు తిరిగాడు. "అవర్ బోరింగ్ హ్యాజ్ డ్రైడ్. చుక్క పెట్టు. నోబడీ కేమ్. చుక్క పెట్టు. అంతే రాయి."

అంతే! నేను ఏళ్ల తరబడి చమురుదీపం దగ్గర కుస్తీ పట్టి కట్టుకున్న సూత్రమంతా పోయి, చుక్క పెట్టడం దగ్గరికి వచ్చింది. చుక్క పెట్టడం నాకు మొదటి పేజీ నుంచీ వచ్చు.

రెండో అర్జీ ఒక్క ఇఫ్ కూడా లేకుండా రాసి పోస్టులో పంపాను. దానికి జవాబు వచ్చింది, ఉగాది ఇంకా వారం ఉందనగా. టైపు కొట్టిన కాగితం. ఒకే వాక్యం. "హ్యాడ్ యూ ఇన్ఫార్మ్‌డ్ దిస్ ఆఫీస్ బిఫోర్ ద లిస్ట్ వాజ్ ప్రిపేర్డ్, యువర్ స్ట్రీట్ వుడ్ హ్యావ్ బీన్ ఇంక్లూడెడ్."

మేష్ట్రు పరీక్షల పనికి వేరే ఊరు పోయి ఉన్నాడు. నేనే కూర్చుని విప్పుకున్నాను. ముందుగా ఇఫ్ కోసం వెతికాను. మేష్ట్రు చెప్పిన మూడు రకాలకీ ముందు ఇఫ్ ఉంది. దీనికి లేదు. కాబట్టి ఇది కండిషనల్ కాదు. ఒక బాధ తప్పింది. "హ్యాడ్" ముందుకొచ్చింది. క్రియ ముందుకొస్తే ప్రశ్న. ఆ పాఠం నా పుస్తకంలో నిండుగా ఉంది. అంటే సారు అడుగుతున్నాడు: జాబితా తయారు కాకముందే ఈ ఆఫీసుకు మీరు తెలిపారా? తర్వాతి ముక్కకు అర్థం, మీ వీధి చేరి ఉంటుంది అని. తెలిపామని చెబితే చేర్చుకుంటారన్నమాట. అంతా సరిగ్గానే ఉంది కానీ ప్రశ్న గుర్తు లేదు. టైపు కొట్టినాయన మరిచిపోయి ఉంటాడు. పెద్ద ఆఫీసులో ఇంత అజాగ్రత్త ఏమిటని విసుక్కుంటూ, కామా పక్కన నా పెన్నుతో నేనే ప్రశ్న గుర్తు పెట్టాను.

అక్కకు చదివి చెప్పాను.

"అడిగినాడా? ఇంగేమి మల్ల! చెప్పినాం గదా. మాఘంలోనే చెప్పినాం గదా."

"చెప్పినాం."

"సీలు ఉండాదా?"

"ఉండాది."

"అయితే పోయి ఆయప్ప ముందర పెట్టుపో."

ఒక తెల్ల కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాశాను. "యెస్ సర్. హ్యాడ్ ఇన్ఫార్మ్‌డ్." చుక్కలు పెట్టాను. దానికి సారు ఉత్తరం, సీలున్న కార్బన్ ప్రతి గుచ్చి మర్నాడు తొలి బస్సుకే పోయాను.

ఆ రోజు సారు ఉన్నాడు. చిన్న వయసు, బక్కగా ఉన్నాడు. కాగితాలు తీసుకుని తన ఉత్తరం చూసుకున్నాడు. వేలు ప్రశ్న గుర్తు దగ్గర ఆగింది.

"ఇది ఎవరు పెట్టింది?" కూడబలుక్కున్న కన్నడంలో అడిగాడు.

"నేనే సార్. మీ టైపాయన మరిచిపోయినాడు."

గుమాస్తా తల వంచుకున్నాడు. అతని భుజాలు ఎందుకు కదిలాయో నాకు అప్పుడు అర్థం కాలేదు. సారు నా జవాబు చదివాడు. యెస్ సర్, హ్యాడ్ ఇన్ఫార్మ్‌డ్. కార్బన్ ప్రతి తిప్పి సీలు మీది తేదీ చూశాడు. పాత ఫైలు తెమ్మన్నాడు. అందులో జాబితా తేదీ చూశాడు. సీలు జాబితా కంటే ముందు. తర్వాత తన పచ్చ సిరా మాటలు చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది, కోపమో ఇంకేమో తెలియలేదు.

తలెత్తి ఒకటే అడిగాడు, "బోరింగు నిజంగా ఎండిందా?"

నాలుక మీదికి "బత్తిదరె" వచ్చేసింది. కన్నడంలో "బత్తిదరె" అంటే ఎండిపోతే, "బత్తిదె" అంటే ఎండింది. మధ్యలో ఉన్నది ఒక్క "ర". అలవాటు ప్రకారం "బత్తిదరె యారూ బరలిల్ల", అంటే ఎండిపోతే ఎవరూ రాలేదు, అని అనబోయాను. "బత్తిద" దాకా వచ్చి నోరు ఆగింది. మళ్లీ ఏడు ఒకవేళలు కళ్ల ముందు కనబడ్డాయి. మళ్లీ దుమ్ములో పోయే లారీ కనబడింది. ఆ "ర"ను గుటుక్కున మింగేశాను.

"బత్తిదె," అన్నాను. చుక్క.

ఆయన పచ్చ పెన్ను తీశాడు. ఏం రాశాడో నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. హైపోథెటికల్ అయితే అంత చిన్నగా ఉండదని మాత్రం చూసుకున్నాను.

ఉగాది నాడు తోటాయన కంచె వేశాడు. అన్న మాట ప్రకారం వేశాడు. రెండు రోజులు అక్క చెరువు అవతలికి పోయింది. నేను బిందెలు తీసుకుంటానంటే ఇవ్వలేదు. "నీకు రాసే పనుండాది గదా, రాసుకోపో" అంది. మూడో రోజు పొద్దున తిరుగుదారిలో బోరు లారీ మా వీధిలోకి తిరిగింది. ఎండిన బోరింగుకు ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టారు. మధ్యాహ్నం దాకా తెల్ల దుమ్మే లేచింది. వీధిలో జనమంతా పిండి మిల్లులో పనిచేసినట్టు అయ్యారు. ఎవరూ ఇళ్లకు పోలేదు. పొద్దు వాలాక దుమ్ము తడి రంగుకు మారింది, తర్వాత బురద ఎగిరింది, ఆ తర్వాత నీళ్లు ఎగిరాయి. అక్క దోసిలి పట్టి తాగి, ఉమ్మేసి, మళ్లీ తాగింది.

"ఉప్పుగా ఉండాది," అంది.

"తియ్యటివి పడింటే బాగుండేది," అన్నాడు మామ.

"నోరు మూసుకోప్పా. పడినాయి గదా," అంది అక్క.

పరీక్షలయ్యాక మేష్ట్రు వచ్చాడు. కొత్త బోరింగు పిడి రెండుసార్లు ఊపి చూశాడు. నేను గొప్పగా సారు ఉత్తరం చూపించాను. ఆయన చదివి, ప్రశ్న గుర్తు చూసి, కట్ట మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఇది ప్రశ్న కాదప్పా! మూడో రకమే ఇది. ఇఫ్ తీసేసి హ్యాడ్‌ను ముందుకు తెచ్చారు. ముందే తెలిపింటే చేర్చేవాళ్లం, తెలపలేదు కాబట్టి ఏమీ చేయలేం, పో అని అర్థం. నిన్ను పొమ్మంటే నువ్వు యెస్ సర్ అన్నావు!"

"ఇఫ్ తీసేస్తే అది ఇఫ్ అని ఎట్ల తెలిసేది సార్?"

"తెలుసుకోవాలి."

"ఉంటే ఊహ అంటారు. లేకుంటే దాక్కుండాది అంటారు. ప్రశ్నకీ దీనికీ ఒకే వేషం వేస్తారు. ఇదేం భాష సార్?"

ఆయన ఉత్తరం మడిచి నా చేతికిచ్చాడు. దానికి జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా దొరకలేదు. పావగడ అంగళ్లలో ఇప్పుడు నిగనిగలాడే వ్యాకరణాలు అమ్ముతున్నారు. పోయినప్పుడల్లా నిలబడి ఆ పాఠం తిరగేస్తాను. పేజీలన్నీ ఉంటాయి. పక్షి కూడా అట్లాగే ఉంటుంది. "పోతే సారు లేడు" అన్నదానికి ఇఫ్ పెట్టకూడదని మాత్రం ఒక్క పుస్తకంలోనూ ఉండదు. మాలాంటివాళ్లు చదువుతారని రాసినవాళ్లకు తోచలేదేమో.

ఆ సాయంత్రం ఇదంతా అక్కకు చెప్పాను. సారు అడగనేలేదని, అది ప్రశ్నే కాదని, నేనే గుర్తు పెట్టి నేనే జవాబు చెప్పానని. ఆమె బోరింగు కింద బిందె పెట్టి, పిడి మీద బరువంతా వేసి కొడుతూ వింది. బిందె నిండింది. నెత్తిన చుట్టకుదురు సర్దుకుంది.

"రే అబ్బయ్యా," అంది, "జవాబు చెప్తివి గదా. మల్ల ప్రశ్న కాకుండా యాడికి పోతుంది అది?"